చిన్నబజారులో వెండి పూత: దగ్గరుండి చేయించుకున్నాను

నెల్లూరు చిన్నబజారు పక్క సందులోని పూతల షాపులో మా అమ్మ ఇత్తడి కుందులకు వెండి పూత వేయించాను. పని చాలా బాగుంది. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని కదా, అక్కడే నిలబడి మొత్తం చూశాను.

నాకు బాగా నచ్చింది కడిగే తీరు. బఫింగ్ చేసి (తిరిగే చక్రంతో నునుపు చేసి), క్షార ద్రావణంలో జిడ్డు వదిలించి, పలచటి యాసిడ్‌లో ముంచి మళ్లీ కడిగారు. కుంది మీద నీళ్లు చుక్కలుగా విడిపోకుండా పొరలా నిలిచేదాకా పూత తొట్టిలోకి దించలేదు. జిడ్డు మిగిలితే పూత పెచ్చులూడిపోతుంది మరి.

కుందికి నెగటివ్ వైరు, వెండి పలకకు పాజిటివ్. పలక కరిగి అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా తొట్టిలోని ద్రావణంలోకి వస్తుంది, కుంది మీద మళ్లీ వెండిగా పేరుకుంటుంది. శాస్త్రవేత్త ఫారడే 1830ల్లో తేల్చిన సూత్రం ప్రకారం ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే సుమారు 4 గ్రాముల వెండి దిగుతుంది. "ఎన్ని గ్రాములు వేయమంటారు మేడమ్?" అని అడిగి, ముందూ తర్వాతా తూకం వేసి చూపించారు. ఆ నిజాయితీకే మళ్లీ వెళ్తాను. త్వరగా కావాలని తొందరపెట్టకండి, కరెంటు పెంచితే పూత గరుకుగా వస్తుంది.

ఒక్కటే లోపం. పూత వేసే సయనైడ్ ద్రావణం తొట్టికి మరీ దగ్గర్లో యాసిడ్ తొట్టి ఉంది. రెండూ కలిస్తే ప్రాణాలు తీసే వాయువు పుడుతుంది. దూరంగా జరపమని ఓనర్‌కి గట్టిగానే చెప్పాను.