జాగ్రత్త: "అన్ని రకాల సోరియాసిస్‌కూ ఒకటే లేపనం" అని అమ్మితే కొనకండి

నాకు మోచేతుల మీద, మోకాళ్ల మీద సోరియాసిస్ మొదలై తొమ్మిదేళ్లయింది. ఎర్రగా, దళసరిగా లేచి, పైన వెండి రంగు పొలుసులు రాలే మచ్చలు. దీన్ని ప్లాక్ సోరియాసిస్ అంటారు. ఈ జబ్బు ఉన్న పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఉండేది ఈ రకమే. మొన్నామధ్య చంకల్లో, గజ్జల్లో కూడా ఎరుపు కనిపించింది. పొలుసులు లేవు, నున్నగా మెరుస్తోంది. అదీ సోరియాసిసేనని అప్పటికి నాకు తెలియదు. ఆ టెన్షన్‌లోనే ఆన్‌లైన్‌లో ఒక లేపనం కొన్నాను. "పూర్తిగా మూలికలతో చేసింది, స్టెరాయిడ్ లేదు, ఏ రకమైనా మళ్లీ రాకుండా పోతుంది" అని రాశారు. అందులో ఏమేం కలిపారో మాత్రం డబ్బా మీద ఒక్క ముక్క లేదు. అది గమనించి కూడా నేను ఆగలేదు.

నాలుగు రోజుల్లో మోచేతుల మీద మచ్చలు అణిగిపోయాయి. ఇంకేం, నమ్మేశాను. అన్నిచోట్లా రోజుకు రెండుసార్లు రాసుకున్నాను. ఆరు వారాలకు గజ్జల్లో చర్మం పలచబడి ఎర్రటి చారలు పడ్డాయి. భయపడి ఒక్కసారిగా మానేశాను. పది రోజులు తిరక్కుండానే పాత మచ్చలన్నీ మళ్లీ లేచాయి, ఎప్పుడూ లేని వీపుకు కూడా పాకాయి. అమ్మినవాళ్లకు రాస్తే "లోపలి విషం బయటికి వస్తోంది, ఇంకో రెండు డబ్బాలు వాడండి" అని జవాబిచ్చారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చర్మవ్యాధుల డాక్టరు చారలు చూడగానే, ఇవి బలమైన స్టెరాయిడ్ (ఎరుపును, వాపును త్వరగా అణిచే మందు) వల్ల వచ్చేవే, ఆ లేపనంలో కలిపే ఉంటారు అన్నారు. చర్మం ముడతపడే చోట్ల వచ్చేదాన్ని ఇన్వర్స్ సోరియాసిస్ అంటారట. అక్కడి చర్మం పలచన, పైగా గాలి తగలదు, మందు ఎక్కువగా ఇంకుతుంది. మోచేతికి సరిపోయే మందు అక్కడ గాయం చేస్తుంది. చాలామంది దీన్ని తామర అనుకుని వేరే మందులు కూడా రాస్తుంటారు.

ప్రకటనలో "ముందు, తర్వాత" ఫొటోలు చూసి కూడా నేను మోసపోయాను. ఒంటినిండా చిన్న చిన్న చుక్కలు, తర్వాత శుభ్రమైన చర్మం. చుక్కల్లా వచ్చేది గట్టేట్ రకం. ఎక్కువగా పిల్లల్లో, యువకుల్లో, స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు వస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది కూడా. అలాంటి ఫొటో లేపనం గొప్పతనానికి సాక్ష్యం ఎలా అవుతుంది?

గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడితే పైపూత లోపలిదాకా చేరడం కష్టం. పొద్దున్నే వేళ్లు బిగుసుకుని వాచిపోతుంటే అది కీళ్లకు పాకిన సోరియాసిస్ కావచ్చు. దానికి లేపనం పనికిరాదు, ఆలస్యం చేస్తే కీలు పాడైపోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టినవి రెండు రకాలు. ఒకటి పస్టులర్: ఎర్రటి చర్మం మీద తెల్లటి చీముపొక్కులు. ఆ చీము ఇన్ఫెక్షన్ వల్ల వచ్చింది కాదు, ఇతరులకు అంటుకోదు. రెండోది ఎరిత్రోడెర్మిక్: దాదాపు ఒళ్లంతా ఎర్రబడి పొట్టు ఊడిపోతుంది, శరీరం వేడినీ నీటినీ నిలుపుకోలేదు, ప్రాణానికే ముప్పు. బలమైన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానేసినప్పుడు ఈ రెండూ రావచ్చని డాక్టరు చెప్పారు. నేను చేసింది సరిగ్గా అదే.

అందుకే ఇప్పటికే ఇలాంటిది వాడుతున్నవాళ్లకు నా విన్నపం. ఈ పోస్టు చదివి డబ్బా విసిరేయకండి, మీ అంతట మీరు ఆపేయకండి. డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎన్ని రోజులుగా ఎక్కడెక్కడ రాశారో చెప్పండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చూస్తారు. జ్వరంతో చీముపొక్కులు లేచినా, ఒళ్లంతా ఎర్రబడి వణుకు వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.