బాన్షీ సిలిండర్లు, నాలుగు సీజన్ల తర్వాత: నా కోపమంతా ఒక అంచు మీదే

కాలిఫోర్నియాలోని గ్లామిస్ ఇసుక దిబ్బల్లో, నా యమహా బాన్షీకి (నాలుగు చక్రాల టూ-స్ట్రోక్ బండి) ఇది నాలుగో సీజను. ఈ నాలుగేళ్లలో రెండు జతల సిలిండర్లు వాడాను. ఒక జత మీద ఇప్పటికీ కోపం చల్లారలేదు. రెండో జత అంటే ప్రాణం. రెండూ బండితో వచ్చే రకం ఇనుప స్లీవ్ సిలిండర్లే, అంటే లోపల పిస్టన్ జారే గోడ ఇనుప గొట్టం. తేడా అంతా పోర్టులు, అంటే ఆ గోడలో గాలీ పెట్రోలూ వచ్చే, పొగ బయటికి పోయే రంధ్రాలు, కోసిన చేతుల్లో ఉంది. బండి వివరాలు ఏకరువు పెట్టను, ఇది చదివేవారికి అవి కంఠతా వచ్చే ఉంటాయి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. 64 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 54 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), రెండు సిలిండర్లు, 347 సీసీ. మన దగ్గర రాజ్‌దూత్ 350 నడిపినవారికి ఈ అంకెలు తెలిసే ఉంటాయి, దాని కొలతలూ అచ్చంగా ఇవే. అది గాలికి చల్లబడేది, ఇది నీళ్లతో. మా మామయ్యకు ఆ బండి ఉండేది. ఒకసారి ఇంజను బోరుకు వస్తే విజయవాడ ఆటోనగర్‌కు నన్ను వెంట తీసుకెళ్లారు. మేస్త్రి పని ముగించాక సిలిండర్‌ను వెంటనే చేతికి ఇవ్వలేదు. చూపుడు వేలు లోపలికి పెట్టి, ప్రతి పోర్టు అంచు మీదుగా గోరును కిందికీ పైకీ నడిపాడు. ఒకచోట ఆగి, చిన్న రాయితో నాలుగు రుద్దులు రుద్ది, మళ్లీ గోరు నడిపాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ గోరు దేనికోసమో ఇరవై ఏళ్లకు పైగా గడిచాక, కాలిఫోర్నియా ఎడారిలో తెలిసింది.

సిలిండర్లు ఎంచుకునేటప్పుడు నా ముందు రెండు దారులు ఉన్నాయి. 68 మిల్లీమీటర్ల బోరుతో, ఇనుప స్లీవ్ బదులు లోపల గట్టి పూత ఉండే ప్లేటింగ్ సిలిండర్లు కొనడం మొదటిది. స్ట్రోకు మార్చకుండానే ఇంజను 392 సీసీ అవుతుంది. ఉన్న ఇనుప స్లీవ్‌నే పోర్టింగ్ చేయించడం, అంటే పోర్టులు కోసి పెద్దవి చేయించడం, రెండోది. మా బావ మొదటి దారి పట్టాడు, నేను రెండోది. ఇసుక లోపలికి పోయి గీతలు పడితే ఇనుప స్లీవ్‌ను పావు మిల్లీమీటరు పెద్ద బోరు చేయించి కొత్త పిస్టన్ వేసుకోవచ్చు. అరిజోనాలోని చాండ్లర్‌లో మా ఇంటికి దగ్గరలోనే ఆ పని ఒక్క రోజులో చేసిపెడతారు. ప్లేటింగ్‌కు ఆ వీలు లేదు, దూరం పంపి మళ్లీ పూత వేయించుకోవాలి, వారాల తరబడి ఎదురు చూడాలి. ఈ లెక్క తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. పని మాత్రం తప్పు చేతుల్లో పెట్టాను.

మొదటి జతను పేరున్న ఒక షాపుకు పంపాను. పేరు చెప్పను. తిరిగి వచ్చాక లోపల అద్దంలా మెరిసిపోతున్నాయి. క్రాంకుకు డిగ్రీ చక్రం పెట్టి కొలిస్తే, అది ఒక చుట్టు తిరిగే 360 డిగ్రీల్లో ఎగ్జాస్ట్ (పొగ పోయే పోర్టు) 200 డిగ్రీలు తెరిచి ఉంటోంది. ఆ సీజన్లో కలిసిన ప్రతివారికీ ఈ పని గురించి గొప్పగా చెప్పాను. ఇప్పుడు ఆ మాటలను కొంచెం సరిదిద్దుకోవాలి. నిటారు దిబ్బ మీద, పూర్తి వేగంలో, అది నిజంగానే రాకెట్. కానీ దిబ్బల మధ్య మెత్తని గుంటల్లోంచి పైకి లేచేటప్పుడు, మూడో గేరు నుంచి నాలుగుకు మార్చగానే, ఇంజను ఊపిరి ఆగినట్టు ఒక క్షణం చచ్చిపోయేది. తెడ్డుల్లాంటి పట్టీలుండే ప్యాడిల్ టైర్లకు ఆ క్షణం చాలు, ఇసుకలో కూరుకుపోతాయి. మొదటి ఏడాది దీన్ని నేను నడపడంలో లోపమనుకున్నాను.

రెండో ఏడాది డిసెంబరులో, తెల్లవారి చల్లగా ఉన్న వేళ, గెకో రోడ్డు పక్క గుడారాల నుంచి ఓల్డ్స్ హిల్ అనే ఇసుక కొండ వైపు బయలుదేరాం. ఇంజను బాగా వేడెక్కాకే కదిలాను. ఇనుప స్లీవ్‌లో పిస్టన్ ముందుగా వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ విషయంలో ఎప్పుడూ తొందరపడను. కొండ సగం ఎక్కానో లేదో, రేకు డబ్బాలో గోలీ దొర్లినట్టు చప్పుడు. పేలుడు లేదు, పొగ లేదు. బలం సగానికి పడిపోయింది. వాలు మీద బండి ఆగితే వెనక్కి దొర్లుతుంది కాబట్టి వెంటనే పక్కకు తిప్పి కిందికి దించాను. కింద నిలబడ్డాక నా చేతులు వణికాయి. బావ తన బండికి పట్టీ కట్టి లాక్కొచ్చాడు.

మధ్యాహ్నం హెడ్ విప్పాం. ఎడమ సిలిండర్ పైన డోము (హెడ్ లోపలి కప్పు) నిండా చిన్న చిన్న గుంటలు, కోడిపిల్లలు పొడిచినట్టు. పిస్టన్ చుట్టూ ఉండే పై రింగు విరిగి రెండు ముక్కలు పిస్టన్ నెత్తిలో దిగబడి ఉన్నాయి. స్లీవ్ మీద నిలువునా గీత. షాపుకు ఫోను చేస్తే, పెట్రోలు పలచగా, అంటే గాలికి సరిపడనంత తక్కువగా, వెళ్లి ఉంటుందని, కార్బ్యురేటర్ జెట్లు చూసుకోమని అన్నారు. కుడి పిస్టన్ శుభ్రంగా ఉంది, రెండు ప్లగ్గులూ చాక్లెట్ రంగులో ఉన్నాయి, పిస్టన్ ఎక్కడా కరగలేదు, నాలుగు మూలలా పట్టేసిన మచ్చలూ లేవు. ఇంజను కట్టినప్పుడు ఎక్కడైనా లీకుందేమోనని ఆరు పీఎస్ఐ గాలి నింపి ఆరు నిమిషాలు చూశాను, ముల్లు కదల్లేదు. పలచన వల్ల పోయిన ఇంజను ఇలా ఉండదు.

మామయ్యకు ఫొటోలు పంపాను. ఆయన అడిగింది ఒకే ప్రశ్న: "ఏరా, అంచు తడిమి చూశావా?"

చూశాను. కుడివైపు గోరు జారిపోయింది. ఎడమవైపు ఎగ్జాస్ట్ పైకప్పు దగ్గర టక్కున ఆగింది. మళ్లీ నడిపితే మళ్లీ ఆగింది, గోటి నుంచి సన్నని పొర లేచింది. పోర్టు వెడల్పు 45 మిల్లీమీటర్లు, అంటే బోరులో డెబ్బై శాతం, మధ్యలో స్తంభం లేని పోర్టుకు అదే చివరి హద్దు. అంత వెడల్పు ఖాళీ ఎదురైతే రింగు ప్రతిసారీ కొద్దిగా బయటికి ఉబ్బుతుంది. పైకప్పు విల్లులా వంగి, అంచు పదును చంపి ఉంటే, పైకి వెళ్లే రింగును మెల్లగా లోపలికి నెడుతుంది. ఇక్కడ పైకప్పు బల్లపరుపుగా ఉంది, అంచు కత్తిలా ఉంది. నిమిషానికి వేల సార్లు ఆ కత్తిని దాటుతూ రింగు ఒక సీజను మోసింది, అదే దాని గొప్ప. పది నిమిషాల పని అది, నాలుగు రాయి రుద్దులు. అద్దంలా మెరిపించడానికి గంటలు పెట్టినవారు ఆ పది నిమిషాలు ఎందుకు పెట్టలేదన్నదే నా కోపం.

తీసేసిన ఇనుము తిరిగి రాదు. అందుకే పాత జతను పక్కన పెట్టి, చెయ్యి పడని ఇంకో జత కొన్నాను. ఈసారి ఎగ్జాస్ట్ 192 డిగ్రీలే చాలన్నాను. ఈ క్రాంకుకు, దాన్ని పిస్టన్‌కు కలిపే 110 మిల్లీమీటర్ల రాడ్డుకు లెక్క వేస్తే 200కూ 192కూ మధ్య పైకప్పు ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్ల కన్నా తక్కువే. ఆ కొద్దిపాటి ఇనుము మిగిలినందుకే గుంటల్లోంచి లేచేటప్పుడు బండి ఆగడం మానేసింది. ఒక గేరు ఎక్కువలో ఉన్నా బొటనవేలితో యాక్సిలరేటర్ నొక్కితే లాక్కుపోతుంది. ఇంత హాయి నేను ఊహించలేదు. పోర్టింగ్ చేసినాయన సిలిండర్లు ఇచ్చేటప్పుడు నేను అడగకముందే అంచుల మీద వేలు నడిపి చూపించాడు.

రెండు సీజన్లు గడిచాయి. కంప్రెషన్ కాస్త తగ్గింది, ఈ వేసవిలో 64.25కు బోరు చేయించాలి. నిటారు కొండ మీద పందెం పెడితే బావ 392 నన్ను సులువుగా దాటిపోతుంది, ఆ ప్లేటింగ్ మీద ఇప్పటిదాకా చిన్న గీత కూడా లేదు. కొండ ఎక్కే పందేలే మీకు ముఖ్యమైతే, ఇంకో బండి కూడా ఉండి వారాలు ఎదురు చూడగలిగితే, అదే కొనండి. నాకున్నది ఒక్క బండి, వెళ్లేది సీజనుకు ఐదారు వారాంతాలు, నాలుగు గంటల దారి, దిబ్బల మధ్య రోజంతా తిరగడమే ఇష్టం. ఆ లెక్కన నాకు ఇనుప స్లీవే.

పాత ఎడమ సిలిండర్ గ్యారేజీ అరలోనే ఉంచాను. పోర్టింగ్ గురించి అడగడానికి వచ్చినవారికి ముందు దాన్నే చేతికి ఇచ్చి, ఎగ్జాస్ట్ పైకప్పు మీద గోరు నడపమంటాను.