మతిమరుపు భయంతో చెవి మిషన్ కొనేవాళ్లకు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పోతుంది

"చెవి మిషన్ పెడితే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) 48 శాతం తగ్గుతుంది" అని షాపులో ఎవరైనా అంటే, ఆ అంకె ఎక్కడిదో తెలుసుకుని అప్పుడు బేరంలోకి దిగండి. అది 2023లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన అచీవ్ అనే వైద్య ట్రయల్‌ది. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల మధ్యవాళ్లు 977 మందిని మూడేళ్లు చూశారు. అందరినీ కలిపి చూస్తే మిషన్ పెట్టినవాళ్లకూ పెట్టనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మతిమరుపు ముప్పు ఎక్కువున్న 238 మందిలో మాత్రం జ్ఞాపకం, ఆలోచన మందగించే వేగం 48 శాతం తగ్గింది. ఎంతమందికి డిమెన్షియా వచ్చిందన్న లెక్క కాదది.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. ఆ ట్రయల్‌లో మిషన్ చేతికిచ్చి పంపేయలేదు. ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణుడు) దగ్గర నాలుగు సిట్టింగులు, తర్వాత ఆరు నెలలకోసారి మళ్లీ చూపించుకోవడం. ఫలితం వచ్చింది ఆ మొత్తానికి. కాబట్టి మార్కులు వేయాల్సింది మోడల్‌కు కాదు, అమ్మాక చేసే పనికి.

ఆ పని ఇలా ఉండాలి. ముందు ఈఎన్‌టీ దగ్గర గులిమి తీయించాలి. శబ్దం చొరబడని గదిలో ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినిపిస్తుందో చూపే పటం), మాటల పరీక్ష. తర్వాత ఆ ఆడియోగ్రామ్ ప్రకారం కంప్యూటర్‌లో ప్రోగ్రామింగ్. చాలాచోట్ల "ఫస్ట్ ఫిట్" అనే ఒక్క బటన్ నొక్కి అయిపోయిందంటారు. చెవిలోకి సన్నని గొట్టం పెట్టి కర్ణభేరి దగ్గర శబ్దం ఎంత చేరుతోందో కొలవాలి, దాన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. అది చేస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి. చేయని చోట ఖరీదైన మోడల్ కొనడం దండగ.

వయసుతో ముందు పోయేది పైస్థాయి (సన్నని, కీచు) శబ్దాలు: స, శ, చ, త లాంటివి. "వినిపిస్తోంది కానీ అర్థం కావట్లేదు" అనేది అందుకే. ఆన్‌లైన్‌లో దొరికే చవక ఆంప్లిఫయర్ ఫ్యాను మోతనూ మనిషి మాటనూ కలిపి పెంచేస్తుంది. వారం తిరక్కుండా అది సొరుగులో చేరుతుంది. చెవి వెనక పెట్టుకునే డిజిటల్ రకం, ప్రోగ్రాం చేసేదైతే, ఎక్కువమందికి సరిపోతుంది. బ్లూటూత్ లేకపోయినా పోయేదేమీ లేదు.

మొదటి వారం నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకు రెండు గంటలు, ఆపైన మెల్లగా పెంచాలి. కుయ్యిమంటే డోమ్ (చెవిలో దూరే రబ్బరు మూతి) వదులైనట్టు, సైజు మార్పించాలి. శబ్దం రాకపోతే రిపేరుకు పరిగెత్తకుండా వ్యాక్స్ గార్డ్ (గులిమి లోపలికి పోకుండా ఆపే చిన్న జల్లెడ) మార్చి చూడండి. మిషన్లో వేసే జింక్ సెల్ (బ్యాటరీ) స్టిక్కర్ తీశాక రెండు మూడు నిమిషాలు గాలి తగలనిచ్చి పెట్టాలి. స్టిక్కర్ మళ్లీ అంటించినా సెల్ అయిపోతూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ తేమలో రాత్రిపూట సిలికా జెల్ డబ్బా తప్పనిసరి. చాలా మిషన్లలో రోజుకు ఎన్ని గంటలు వాడారో నమోదవుతుంది. రెండో సిట్టింగులో ఆ లెక్క తెరమీద చూపించమనండి. పెద్దాయన "పెట్టుకుంటున్నానురా" అన్నదీ అదీ చాలాసార్లు కలవవు.

ఇక డబ్బు లెక్క. డిమెన్షియాకు 2019లో ప్రపంచం మోసిన ఖర్చు 1.3 లక్షల కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో సగం ఇంట్లోవాళ్లు జీతం లేకుండా చేసే చాకిరీ. మన దగ్గర అది కూతురో కోడలో మానేసిన ఉద్యోగం. జత మిషన్లు 60,000 రూపాయలు, ఇంట్లో పెట్టుకునే మనిషికి నెలకు 20,000 అనుకుందాం. ఆ అవసరం మూడు నెలలు వెనక్కి జరిగితే మిషన్ల ధర తేలిపోతుంది. సెల్ పది రోజులొస్తే రెండు చెవులకూ ఏడాదికి 70 పైచిలుకు కావాలి, అదీ కలుపుకోండి. ఆ అవసరం అలా వెనక్కి జరుగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 2024 లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు మార్చుకోగల కారణాలు 14 గుర్తించి, వినికిడి లోపం వాటా 7 శాతమంది. అది జనాభా మొత్తానికి వేసిన లెక్క, మీ నాన్నగారికి వేసింది కాదు. చెడు కొలెస్ట్రాల్ వాటా కూడా అంతే, దానికి మాత్ర చాలా చవక.

60 దాటి, దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లు కొనకముందు రాష్ట్రీయ వయోశ్రీ శిబిరాల గురించి కనుక్కోండి. 2017లో నెల్లూరులోనే మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకమిది, మిషన్ ఉచితం. ఇచ్చింది ప్రోగ్రాం చేసే రకమైతే ఆడియోగ్రామ్ పట్టుకుని దగ్గర్లోని ఆడియాలజిస్ట్ చేత సరిచేయించుకోండి.