నల్లగొండలో ట్రంపెట్ రిపేర్: మెరుపు కోసమైతే ఇక్కడికి వద్దు

పాత ట్రంపెట్టో యుఫోనియమో (ట్రంపెట్ కంటే పెద్దగా ఉండే ఇత్తడి ఊదే వాయిద్యం) ఇంట్లో ఉండి, పారేయలేక, వాయించలేక ఇబ్బంది పడుతున్న బ్యాండు వాళ్ల కోసం ఇది రాస్తున్నా. నల్లగొండలో ప్రకాశం బజార్ వైపు ఒక చిన్న రిపేర్ షాపు ఉంది. బోర్డు కూడా లేదు. కానీ ఇంత నమ్మకమైన పని నాకు హైదరాబాద్‌లో కూడా దొరకలేదు.

నేను తీసుకెళ్లింది మా నాన్న వాయించిన బూసీ అండ్ హాక్స్ ట్రంపెట్, లండన్ కంపెనీది. మన దగ్గర ఎక్కువగా మీరట్‌లో తయారైనవే కనిపిస్తాయి కాబట్టి ఇలాంటిదాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నా భయమే. అంతకుముందు వేరే ఊళ్లో ఒక షాపులో ఇస్తే బఫింగ్ మెషిన్ మీద పెట్టి తళతళలాడించి ఇచ్చారు. బెల్ (ముందు గరాటులా ఉండే వెడల్పు భాగం) మీద చెక్కిన పేరు సగం అరిగింది, రేకు పల్చబడింది, రెండో పిస్టన్ (స్వరం మార్చడానికి వేలితో నొక్కితే కిందికీ పైకీ కదిలే భాగం) మాత్రం ఎప్పటిలాగే ఇరుక్కుంటూనే ఉంది.

ఇక్కడి పెద్దాయన పైన మెరుపు సంగతే ఎత్తలేదు. పిస్టన్లు నొక్కకుండా ఒక్కో స్లైడ్‌ని (పిస్టన్ పక్కన ఉండే, బయటికి లాగగలిగే వంపు గొట్టం) గబుక్కున బయటికి లాగి చూశారు. లోపల గాలి లీక్ కాకపోతే ‘టప్’మని శబ్దం రావాలి. మొదటి రెండూ అన్నాయి, మూడోది చప్పుడు లేకుండా వచ్చేసింది, అంటే పిస్టన్ అరిగిపోయిందన్నమాట. రెండోది ఇరుక్కోవడానికి కారణం పిస్టన్ కాదట, ఎప్పుడో పక్కనున్న స్లైడ్‌కి దెబ్బ తగిలి, ఆ దెబ్బ పిస్టన్ కదిలే వాల్వ్ గొట్టాన్ని లోపలికి నొక్కేసింది. పిస్టన్‌కీ ఆ గొట్టానికీ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కూడా ఉండదు కాబట్టి కొంచెం నొక్కుకుపోయినా చాలు, పిస్టన్ ఆగిపోతుంది. చాలామంది ఇలాంటప్పుడు పిస్టన్‌ని గరుకు కాగితంతో రుద్దేస్తారు, దాంతో గాలి కారడం మొదలై వాయిద్యం చచ్చిపోతుంది. ఈయన పిస్టన్ జోలికే పోకుండా గొట్టాన్ని సరిచేశారు.

మౌత్‌పీస్ పెట్టే పైపు మీద గులాబీ రంగు చుక్కలు చూపించి, "ఇది లోపల్నుంచి తింటున్నది బిడ్డా, పాలిష్‌తోని పోదు" అన్నారు. ఇత్తడిలోంచి జింక్ పోయి రాగి మాత్రమే మిగిలితే ఆ మచ్చలు వస్తాయి, ఉమ్మి తడి తుడవకుండా పెట్టెలో పెట్టేస్తే జరిగేది ఇదే. స్క్రాప్ ట్రంపెట్ నుంచి పైపు కోసి, సరిపోయేలా చేసి, టంకం వేసి అతికారు. అతుకు ఎక్కడుందో వెతికితే గానీ కనపడదు! వంపులో ఉన్న సొట్టలు సుత్తితో కొట్టలేదు, స్టీలు గుండ్లు ఒకదాని తర్వాత ఒకటి కాస్త పెద్ద సైజువి లోపలికి పంపి మెల్లగా పైకి తీశారు. గంటల పని అది, నేను పక్కన నిలబడి చూశా.

మూడో పిస్టన్‌కి కొత్త పూత వేసే పని తన దగ్గర లేదని ముందే చెప్పేశారు, కాస్త చిక్కటి వాల్వ్ ఆయిల్ వాడమన్నారు. కొబ్బరి నూనె మాత్రం వద్దే వద్దన్నారు, చలికి గడ్డకట్టి పిస్టన్ పట్టేస్తుందని. మొత్తం 2,200 తీసుకున్నారు, చేసిన పనికి తక్కువే అంటాను.

ఇబ్బందులు లేవని కాదు. రసీదు ఇవ్వరు, చెప్పిన రోజుకి పని అవ్వదు, ఫోన్ అసలే ఎత్తరు. పెళ్లిళ్ల సీజన్‌లో ఇచ్చారంటే బరాత్ టైమ్‌కి వాయిద్యం చేతికి రాక టెన్షన్ పడాల్సిందే, అందుకే ఆషాఢంలో ఇచ్చేయండి. ఇచ్చేముందు వాల్వ్ మీద సీరియల్ నంబర్, బెల్ మీద చెక్కడం ఫోటో తీసి పెట్టుకోండి, ఏ షాపుకైనా ఇది మంచిదే. క్లారినెట్, సాక్సోఫోన్ మాత్రం మోసుకెళ్లకండి, వాటి రంధ్రాలు మూసే ప్యాడ్లు మార్చే పని ఆయన చేయరు.