మే నెల వాలైకి జిగ్గా, జలగా?
అమెరికాలోని మిన్నెసోటాలో మే నెల మధ్యలో చేపలవేట సీజన్ తెరిచేసరికి వాలై చేపలు చాలావరకు గుడ్లు పెట్టేసి, వాగులు కలిసే చోట్ల లోతు తక్కువ నీళ్లలోనే తచ్చాడుతుంటాయి. నీరు 10 డిగ్రీల సెల్సియస్ లోపుంటే జిగ్గే (తలకి సీసం పోసిన గాలం) మేలు. ఎనిమిదో వంతు ఔన్సు జిగ్‌కి షైనర్ చేపపిల్లను నోట్లోంచి గుచ్చి, తల వెనక నుంచి ముల్లు బయటికి తీయాలి. నేల తాకనిచ్చి, జానెడు లేపి, దారం బిగువు తగ్గకుండా దింపాలి. వదులైతే కాటు తెలియదు. చాలామంది తొందరపడి ఎరను వేగంగా లాగేస్తారు. చల్లటి నీళ్లలో వాలై ఎర వెంట పరుగెత్తదు.

బెండు కింద జలగ నీరు వేడెక్కాకే. చలికి అది ఉండ చుట్టుకుపోతుంది, ఈదదు. 10 డిగ్రీలు దాటాక మాత్రం రాళ్ల దిబ్బల మీద దీన్ని మించింది లేదు. 6వ నంబరు గాలం, పైన ఒక సీసపు గుండు, ఎర నేలకి అడుగు ఎత్తున ఆగేలా దారానికి ముడి. జలగను లావుపాటి కొసన గుచ్చాలి. బెండు మునగ్గానే గుంజొద్దు. దారం బిగిసేదాకా చుట్టి, అప్పుడు లాగాలి.