దేవుణ్ణి ఆఫీసుకు తీసుకెళ్లొచ్చా? మూడు దారుల్లో ఏది మేలు?

మా మేనల్లుడు ఒడిశాలోని రాయగడలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. మొన్న ఆదివారం మా ఊరు పర్లాకిమిడి వచ్చాడు. అన్నం ముందు కూర్చున్నా మొహం ముడుచుకునే ఉన్నాడు. ఏంట్రా అంటే, "టేబుల్ అద్దం కింద మజ్జిగౌరి అమ్మవారి ఫోటో పెట్టుకున్నాను మావయ్యా. కొత్తగా వచ్చిన ఆఫీసరు తీసెయ్యమన్నారు. రేపు బొట్టు కూడా తుడుచుకుని రమ్మంటారేమో" అన్నాడు.

వాడికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ముప్ఫై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ విషయంలో నా వైపు కూడా ఒక బాకీ ఉంది.

మొదటి దారి: నమ్మకాన్ని చెప్పుల్లాగా గడప దగ్గర విడిచి లోపలికి రావడం. ఫ్రాన్సువాళ్లు పట్టిన దారి ఇదే. 1905లో చట్టం చేసి ప్రభుత్వాన్నీ చర్చినీ విడదీశారు. 2004లో ఇంకో చట్టం తెచ్చి, ప్రభుత్వ బడి పిల్లలు తలకు ముసుగు గానీ, సిక్కు తలపాగా గానీ, పెద్ద శిలువ గానీ వేసుకుని రాకూడదన్నారు. అందరికీ ఒకటే రూలు కాబట్టి వినడానికి శుభ్రంగానే ఉంటుంది. అదే రూలు మన ఊళ్లో పెట్టి చూడండి. కార్తీకం వస్తే సగం ఆఫీసు నల్లబట్టల్లో, కాళ్లకు చెప్పుల్లేకుండా ఉంటుంది. నలభై ఒక్క రోజుల దీక్షలో ఉన్న మనిషి మాలని పది నుంచి ఐదు దాకా కొక్కేనికి తగిలించలేడు. మంగళసూత్రం సంగతి ఎత్తకపోవడమే మంచిది. పైగా ఈ రూలు దెబ్బ అందరికీ సమానంగా తగలదు. నమ్మకం ఒంటి మీద కనిపించేవాడికి తగులుతుంది, మనసులో ఉంచుకునేవాడు హాయిగా లోపలికి వెళ్లిపోతాడు. మన రాజ్యాంగం రాసినవాళ్లకి ఇది తెలుసు. అందుకే 25వ అధికరణం కింద, సిక్కులు కృపాణం ధరించడం మతస్వేచ్ఛలో భాగమేనని విడిగా వివరణ రాసి పెట్టారు.

రెండో దారి మనలో చాలామందికి ఇష్టం: అందరి దేవుళ్లనీ లోపలికి రానివ్వడం. 1951లో సోమనాథ ఆలయం తిరిగి కట్టినప్పుడు ప్రారంభానికి రాష్ట్రపతి వెళ్లకూడదన్నారు నెహ్రూ. రాజేంద్రప్రసాద్ వెళ్లారు. మసీదు వాళ్లు పిలిచినా, చర్చి వాళ్లు పిలిచినా ఇలాగే వెళ్తానన్నారు. ఆ మాటలో దోషం లేదు. చిక్కంతా కింద, ఊళ్లలో, ఆ 'అందరూ' అన్న మాట అమలులోకి వచ్చేసరికి మొదలవుతుంది.

నా బాకీ ఇక్కడే. ఒడిశా బళ్లలో ఏటా గణేశ పూజ, సరస్వతీ పూజ చేస్తారు. మా బళ్లో చందా లిస్టు నేనే రాసేవాణ్ణి. పేరు పక్కన ఇరవై రూపాయలు, వసూలయ్యాక టిక్కు. మా గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 38 శాతం క్రైస్తవులు. అయినా నా లిస్టులో క్లాసు మొత్తం ఉండేది. ఒక ఏడు ఉదయగిరి కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే సవర గిరిజన పిల్ల, గుప్పెట్లోంచి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు తీసి బల్ల మీద పేర్చి లెక్క అప్పజెప్పింది. పూజ రోజు అందరూ ప్రసాదానికి లైను కడితే తను మాత్రం వరండా స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. ఎందుకమ్మా అంటే, చర్చిలో తినొద్దన్నారంది. "మరి డబ్బులెందుకిచ్చావు?" అన్నాను.

"మీరు పేరు రాశారు కదా సార్."

దానికి నా దగ్గర సమాధానం లేదు. ప్రభుత్వ గుర్తింపు గానీ, సాయం గానీ ఉన్న బళ్లో పిల్లల్ని పూజలో కూర్చోబెట్టాలంటే పెద్దవాళ్ల అనుమతి ఉండాలని 28వ అధికరణం చెబుతుందన్న సంగతి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. నేను ఎవర్నీ బలవంతపెట్టలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. టీచరు చేతిలో పెన్ను ఉండగా వేరే బలవంతం అక్కర్లేదు.

మూడో దారి: నమ్మకాన్ని మనిషి దగ్గర ఉండనిచ్చి, కుర్చీకి మాత్రం అంటనివ్వకపోవడం. ఎమ్మెల్యే ప్రమాణం చూడండి. దేవుడి సాక్షిగా అయినా చెయ్యొచ్చు, దేవుడి పేరు ఎత్తకుండా మనస్సాక్షిగా అయినా చెయ్యొచ్చు. ఎలా చేసినా పదవి బాధ్యత ఒక్కటే. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బళ్లో జాతీయ గీతానికి మర్యాదగా లేచి నిలబడేవాళ్లు గానీ, పాడేవాళ్లు కాదు. బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. వాళ్ల నమ్మకం వాళ్లతోపాటు బడికి వచ్చింది, పక్క బెంచీ పిల్లవాడికి ఏ నష్టమూ కలగలేదు. నా లిస్టు అలా కాదు కదా.

ఎన్నికల్లోనూ చట్టం ఈ దారినే పోతుంది. మతం పేరు చెప్పి ఓటు అడగకూడదు. 2017లో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల్లో నలుగురు, ఓటరు మతం ఎత్తినా తప్పేనన్నారు. అమలు సంగతి మీకు తెలిసిందే.

ఇక వీధి వేరు, ఆఫీసు వేరు. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగితే ఊరంతా వేషాలతో రోడ్డు మీదే ఉంటుంది. దాన్ని ఇంట్లో చేసుకోమనేవాణ్ణి నేను కాను. వెళ్లేవాడు వెళ్తాడు, ఇష్టం లేనివాడు తలుపేసుకుంటాడు. ఆఫీసు కౌంటరు దగ్గర ఆ వీలు ఉండదు. పెన్షను కాగితం మీద సంతకం కావలసిన ముసలాయనకి ఇంకో కౌంటరు లేదు.

అందుకే నా ఓటు మూడో దారికే. కాకపోతే ప్రభుత్వమే దాన్ని సరిగ్గా పాటించడం లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు హిందువై ఉంటేనే ఎస్సీ. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, క్రైస్తవుల్నీ ముస్లింల్నీ చేర్చలేదు. ఎస్టీలకి ఆ షరతు లేదు. కాబట్టి మా కొండ ఊళ్లలో ఒకే చర్చిలో ఒకే బల్ల మీద కూర్చునే ఇద్దరిలో సవర అతనికి సర్టిఫికెట్టు ఉంటుంది, పక్కనున్న దళితుడికి పోతుంది. మతం వ్యక్తిగతం అని ఆ రెండో మనిషికి చెప్పి చూడండి, నవ్వుతాడు.

ఇదంతా మేనల్లుడికి ఫోన్లో చెప్పాను. ఫోటో తప్పు కాదురా, నువ్వు చూసుకునేలా పెట్టుకున్నావా, కౌంటరు అవతల మనిషి చూసేలా పెట్టావా, అది ఆలోచించుకో అన్నాను. నాలుగు రోజులకి వాడే ఫోన్ చేశాడు. ఫోటో సొరుగులో పెట్టుకున్నాడట. "స్టాంపు కోసం తెరిచినప్పుడల్లా అమ్మవారు కనిపిస్తోంది మావయ్యా, అద్దం కింద ఉన్నప్పుడు ఫైళ్ల కింద పడి ఉండేది" అన్నాడు.

మరి శుక్రవారం ఆఫీసు గుమ్మంలో కొట్టే కొబ్బరికాయ మాటేమిట్రా అన్నాను. అది మామూలే అన్నాడు. డబ్బులు ఎవరివి అని అడిగితే, స్టాఫ్ అందరి దగ్గరా నెలకి యాభై చొప్పున తీసుకుంటారట. లిస్టు వాడే రాస్తాడట.