యాంకీ డూడుల్ డాండీ: పదిహేనేళ్లుగా చూస్తున్న సినిమా

ఈ డీవీడీ నేను 2009లో కొన్నాను. అప్పటినుంచి ఏడాదికి ఒకసారైనా చూస్తున్నాను. 1942లో వచ్చిన నలుపు తెలుపు అమెరికన్ సినిమా ఇది. నిడివి రెండు గంటల పైనే. దర్శకుడు మైకేల్ కర్టీజ్. న్యూయార్క్‌లో నాటకశాలలకు పేరుపడ్డ బ్రాడ్వేలో పాటలు రాసి, నాటకాలు రాసి, తానే ఆడిపాడిన జార్జ్ ఎం. కోహన్ కథ. ఆ వేషం కట్టిన జేమ్స్ కాగ్నీకి ఆస్కార్ వచ్చింది.

పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసి అమెరికా యుద్ధంలోకి దిగిన రోజుల్లో షూటింగ్ జరుపుకున్న సినిమా కాబట్టి జెండాలు, కవాతులు తెర నిండా ఉంటాయి. మొదట్లో వాటికే ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ల తర్వాత మాత్రం నేను చూస్తున్నది ఆ నాటకాల కుటుంబం కోసం.

మా నాన్న పల్లెల్లో పద్యనాటకాలు ఆడిన మనిషి. ఇంగ్లిష్ రాదు. అయినా నా పక్కన కూర్చుని మొత్తం చూశారు. పొగరెక్కిన చిన్న జార్జ్‌ని తండ్రి కొట్టబోతే తల్లి అడ్డుపడుతుంది: చేతుల మీద వద్దు, వయొలిన్ వాయించాలి, నోటి మీద వద్దు, పాడాలి. చివరికి ఏ విద్యా లేని చోటు చూసుకుని తండ్రి నాలుగు తగిలిస్తాడు. నేను చెప్పకముందే నాన్న పగలబడి నవ్వారు. "వీళ్ళు మన సురభి వాళ్ళలా ఉన్నార్రా" అన్నారు. నిజమే, పిల్లలు స్టేజీ మీదే పెరిగే ఇల్లు అది. ఇంకో ముచ్చట, జార్జ్ తోబుట్టువు జోసీ వేషం వేసిన జీన్, కాగ్నీకి సొంత చెల్లెలే.

గ్యాంగ్‌స్టర్ వేషాలతో పేరు తెచ్చుకున్న కాగ్నీ ఇక్కడ నాట్యం చేస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. మోకాళ్ళు బిగబట్టి, నడుము ముందుకు వంచి, అడుగు నేలను కొట్టినట్టు వేస్తాడు. వైట్‌హౌస్ మెట్లు దిగుతూ వేసే స్టెప్పులు ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు.

లోపాలున్నాయి. మధ్యలో స్టేజీ పాటలు వరసగా వచ్చి కథ ఆగిపోతుంది. కోహన్ రెండు పెళ్ళిళ్ళు చేసుకుంటే, సినిమాలో కల్పించిన మేరీ ఒక్కతే కనిపిస్తుంది. 1919లో నటులు సమ్మె చేసినప్పుడు ఆయన వాళ్ళకి ఎదురు నిలిచాడు. ఆ ఊసే లేదు. కుటుంబమంతా నల్లజాతివాళ్ళని అనుకరిస్తూ ముఖాలకు నల్లరంగు పూసుకుని ఆడే చోట నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. రంగులు అద్దిన ప్రింట్ కూడా ఉంది. అది వద్దు, కెమెరామన్ జేమ్స్ వాంగ్ హోవ్ వెలుగునీడలన్నీ అందులో పోతాయి.

ప్రతి ఆట అయ్యాక జార్జ్ ముందుకొచ్చి అమ్మ తరఫున, నాన్న తరఫున, జోసీ తరఫున, తన తరఫున ప్రేక్షకులకు కృతజ్ఞతలు చెబుతాడు. తండ్రి చివరి ఘడియల్లో మంచం పక్కన కూర్చుని అవే మాటలు మెల్లగా అంటాడు. తండ్రిగా వాల్టర్ హ్యూస్టన్ ఆ ఒక్క సీనుకే నా మనసులో ఉండిపోయాడు. నాన్న పోయాక రెండేళ్లపాటు అక్కడికి రాగానే డిస్క్ ఆపేసేవాణ్ణి. ఇప్పుడు ఆపడం లేదు. ఆ తర్వాత వీధిలో సైనికులు జార్జ్ రాసిన 'ఓవర్ దేర్' పాట పాడుతూ కవాతు చేస్తుంటే ముసలి కోహన్ వాళ్ళతో కలిసి నడుస్తాడు. ఆయనెవరో తెలియక ఒక సైనికుడు, ఈ పాట గుర్తులేదా తాతా అన్నట్టు అడుగుతాడు. అప్పుడు కాగ్నీ ముఖం చూడండి.